పెంచిన చెయ్యి

ప్రయోగశాలలో అందరూ స్ఫటికాలక్క అని పిలిచే ఆవిడ, సీసా మూత తీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టుకుంటుంది. ఆమె పెంచే స్ఫటికాల నిండా కంటికి కనిపించని గదులుంటాయి. కవలల్లాంటి రెండు రకాల అణువులు కలిసి వస్తే, ఆ గదులు తిన్నగా ఉన్నదాన్ని లోపల పెట్టుకుని వంకరదాన్ని గడప దగ్గరే ఆపేస్తాయి. అది సాధించింది ఆమె. శాస్త్ర పత్రికలో పేరు పడింది మాత్రం పక్క బల్ల దగ్గర పనిచేసే తమ్ముడిది. సొమ్మొకడిది, సోకొకడిది. అప్పట్నుంచీ అతను పలకరిస్తే ఆమె నవ్వుతుంది. నవ్వాక కళ్లద్దాలు తీసి, అరిగిపోతాయేమో అన్నంత గట్టిగా తుడుస్తుంది.

ఇవాళ బయటి శాస్త్రవేత్తలు చూడ్డానికి వస్తున్నారని అతను ఆమె సీసా ఒకటి అందుకున్నాడు. "అక్కా, వీటిని ద్రవంలోంచి తీసి, తుడిచి, దీపం కింద పెడితే ఇంకా మెరుస్తాయి కదా?" తడి ఆరితే లోపలి అణువులు ఎగిరిపోతాయనీ, అవి పోతే గదులు కూలిపోతాయనీ ఆమెకు తెలుసు. ఒక్కటీ తన చేత్తో పెంచని అతనికి తెలియదు. "నీ స్ఫటికాలు, నీ ఇష్టం తమ్ముడూ," అని ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. అతను వాటిని తుడిచి దీపం కింద పెట్టాడు. వచ్చినవాళ్లు వంగి చూస్తుండగానే గాజుముక్కల్లాంటి ఆ స్ఫటికాలు తెల్లబడి సుద్దపొడిలా రాలిపోయాయి. అతను కత్తివేటుకు నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయాడు. "నాదేం లేదండీ, వీటిని పెంచింది అక్క," అన్నాడు. ఆమె సొరుగులోంచి రెండో సీసా తీసి, ద్రవంలో తళతళలాడుతున్న స్ఫటికాలను వాళ్ల ముందు పెట్టింది. "ఆ మాట ఇంకోసారి చెప్పు తమ్ముడూ. వెనకున్నవాళ్లకి వినపడినట్టు లేదు."