తొలకరికి ముందు తీసిన చామంతి పిలకలు

చాట్రాయి దగ్గర మామిడితోటలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న నాంచారమ్మ, ముందు గోడ వెంబడి చామంతి వరుసను కూడా తనే పెంచింది. అందులో గేటు పక్కనున్న దుబ్బును మాత్రం ఆమె కూతురు స్వాతి నాటింది. నాటిన ఏడాదే స్వాతి జ్వరంతో చనిపోయింది.

ఈ మే నెలలో రోడ్డు వెడల్పు కోసం ఆ గోడ కొట్టేస్తారని తెలిసింది.

"ఈ ఎండల్లో పిలకలు విడదీస్తే బతకవమ్మగారూ. వానలు పడేదాకా ఆగమనండి," అంది నాంచారమ్మ.

"చెప్పి చూశాను నాంచారమ్మా. రేపు పొద్దున్నే మిషన్ వస్తుందంట. తియ్యగలిగినన్ని తీసెయ్," అంది తోట యజమానురాలు ప్రమీలారాణి.

ఆ సాయంత్రం నాంచారమ్మ ఒక్కతే దుబ్బులన్నీ తడిపి తవ్వింది. వేళ్లు తెగకుండా పిలకలు విడదీసి, తడిగోనె మీద పరిచింది. చీకటి పడుతోందన్న కంగారులో స్వాతి దుబ్బును విడిగా పెట్టడం మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి అన్నీ కలిసిపోయాయి. అన్నీ ఒకే పసుపు రకం కాబట్టి పూలు పూసినా తేడా తెలియదు. చేతులాడక కాసేపు గట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, నలభై పిలకలనూ మామిడిచెట్ల నీడలో నాటింది.

జూన్ నెలాఖరుకి ఏడు మిగిలాయి.

"ఏడన్నా బతికాయిగా. వచ్చే ఏడాదికి మళ్లీ దుబ్బులు కడతాయిలే," అంది ప్రమీలారాణి.

"కడతాయండి," అంది నాంచారమ్మ.

నీళ్లు పోసేటప్పుడు ఇప్పటికీ ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఇది స్వాతిదేమోనని చూస్తుంది.