పున్నమి దాకా ముట్టని సముద్రం

మా చిన్నప్పుడు... అంటే నాకు తొమ్మిదేళ్ళప్పుడు... గ్రీసు దేశపు క్రీట్ దీవిలో, ఫలసర్న బీచ్ మీద, ఈతబట్టలు వేసుకుని, కళ్ళకు గాగుల్స్ పెట్టుకుని నీళ్ళకేసి పరుగెత్తుతున్నాను. ఇంకో నాలుగడుగులే. ఇంతలో వెనకనుంచి కేక.

"ఆగు బిడ్డా! సముద్రాన్ని గట్ల ముట్టద్దు!"

మా బాపమ్మ. నాన్నకు అమ్మ. కరీంనగర్ నుంచి ఆ వేసవికి ఐర్లాండ్‌లో, నేస్ అనే ఊళ్ళోని మా ఇంటికి వచ్చింది. ఐర్లాండ్ వీసా ఒకటి, గ్రీసు వీసా ఇంకొకటి... ఆమెను వెంట తీసుకెళ్ళడానికి నాన్న ఎన్ని కాగితాలు నింపాడో! వారం రోజులకు దీవిలో విల్లా తీసుకున్నాం.

"గోదారినైతే ఎప్పుడన్న ముట్టొచ్చు. సముద్రాన్ని పున్నమికో, అమాసకో. గంతే" అంది.

పున్నమి ఎప్పుడా అని చూస్తే... మేం డబ్లిన్‌కు తిరిగి విమానమెక్కే రోజు!

నాకు ఏడుపు ఆగలేదు. ఏడాదంతా నేస్‌లో క్లోరిన్ వాసన పీలుస్తూ ఈత నేర్చుకున్నది దేనికి? ఐర్లాండ్ సముద్రంలో వేలు పెడితే పళ్ళు టకటకలాడతాయి. ఈ వెచ్చటి నీళ్ళలో, విల్లా ఫొటోల్లో కనిపించిన ఆ నల్లరాయి దాకా ఈదొస్తానని క్లాసులో అందరికీ గొప్పలు చెప్పి మరీ వచ్చాను.

"బట్ బాపమ్మా, ఇట్స్ ఓన్లీ వాటర్!" అన్నాను.

"అమ్మా, పిల్ల ఏడాదంత ఎదురుచూసిందే" అని నాన్న బతిమాలాడు.

"విల్లాల నీళ్ళతొట్టి ఉన్నది గదరా. దాంట్ల దుంకమను."

అంత పెద్ద స్విమ్మింగ్‌పూల్‌ని తొట్టి అంది! అమ్మ నవ్వాపుకుంది. నేను మాత్రం ఆ రోజు నుంచి బాపమ్మతో మాట మానేశాను.

ఇక చేసేదేముంది... ముట్టకుండా చూసొద్దామన్నాడు నాన్న. విల్లావాళ్ళు రాసిచ్చిన చోట్లన్నీ తిప్పాడు. ఎలఫోనిసిలో ఇసుక లేత గులాబీ రంగు... అల తగలకుండా వెనక్కి జరుగుతూ నిలబడ్డాను, ఉడుక్కుంటూ. బాలోస్‌ను కొండమీంచి చూస్తే నీళ్ళు ఒక్కోచోట ఒక్కో రంగు. "నీలిమందు జెర ఎక్కువ తక్కువ కలిపినట్టున్నది" అంది బాపమ్మ, నా వైపు చూస్తూ.

ఒక కొండ ఊళ్ళో, రాతి ఇళ్ళ గుమ్మాల్లో నల్లబట్టల ముసలమ్మలు చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. బాపమ్మ వెళ్ళి పక్కన కూర్చుని తనూ ఒలిచింది. ఈమెది తెలుగు, వాళ్ళది గ్రీకు... గంటసేపు ముచ్చట్లు! లేచేటప్పుడు ఒళ్ళో అంజీరపళ్ళు పోశారు. మంచిది ఏరి నా చేతిలో పెట్టబోతే మొహం తిప్పుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

చివరి రోజు, పున్నమినాడు పొద్దున్నే మళ్ళీ ఫలసర్న. "అరగంటే. తర్వాత ఎయిర్‌పోర్ట్" అన్నాడు నాన్న.

ఉరకబోతుంటే బాపమ్మ చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఆపుతోందని విసురుగా తిరిగాను.

"నేనెన్నడు సముద్రం సూడలే బిడ్డా. గిదే మొదలు. నన్ను జెర తోల్కపోవా?"

అప్పుడు తట్టింది నాకు... వారమంతా ముట్టకుండా ఉన్నది నేనొక్కదాన్నే కాదు. అరవై దాటాక మొదటిసారి సముద్రాన్ని చూసి కూడా ఆమె ఒక్క వేలు తడుపుకోలేదు.

చెయ్యి గట్టిగా పట్టుకుని మోకాళ్ళ లోతు దాకా తీసుకెళ్ళాను. అల వచ్చినప్పుడల్లా "అమ్మో, గంగమ్మతల్లీ!" అంటూ నన్ను వాటేసుకుంది. మూడు మునకలు వేసింది. దోసెడు నీళ్ళు నా నెత్తిన పోసి "సల్లగుండు బిడ్డా" అంది. కళ్ళలోకి ఉప్పునీళ్ళు పోయి నేను కెవ్వుమంటే ఇద్దరం పడీపడీ నవ్వాం. ఒడ్డున నాన్న గడియారం చూపించాడు. నల్లరాయి ఉన్నచోటే ఉండిపోయింది.

స్కూల్లో అడిగారు, రాయి దాకా ఈదావా అని. లేదు, మా బాపమ్మను సముద్రంలోకి తీసుకెళ్ళాను అన్నాను. "గ్రాండ్" అన్నారు... అక్కడ బాగుందనడానికి ఆ మాటే.

బాపమ్మ ఇప్పుడు లేదు. మేం డబ్లిన్ దగ్గర శాండీఫోర్డ్‌లో ఉంటున్నాం. సెలవులకు ఏ దీవికెళ్ళినా, కారు ఆగీ ఆగకముందే మా పాప నీళ్ళలో ఉంటుంది. ఇవాళ ఏ తిథి అని అడిగేవాళ్ళు లేరు.

మిమ్మల్నీ ఎవరో ఒకరు ఇలా ఒడ్డున ఆపే ఉంటారు... వాళ్ళ గురించి రాయండి, చదువుతాను. నేనైతే ఇప్పటికీ నీళ్ళకు నాలుగడుగుల దూరంలో కాసేపు నిలబడతాను... వెనకనుంచి "ఆగు బిడ్డా" అని ఎవరైనా అంటారేమోనని.