రిలీవర్ రాకుండా సీటు దిగరాదు

ఆషాఢంలో ఒక మంగళవారం, ఉదయం పదకొండుంబావుకి జరిగింది ఇది. ఆ రోజుల్లో నేను చదువుకుంటున్నాను. (నవ్వకండి. వయసు అరవై దాటిన మాట నిజమే. నలభై దాటాక పెళ్లాం దగ్గర అక్షరాలు దిద్దినవాడికి అరవై దాటాక కంప్యూటరు రావడం పెద్ద ఆలస్యమేమీ కాదు.) స్టీలు ప్లాంటులో రిటైరై సెక్టర్ 4లో క్వార్టర్ ఖాళీ చేశాక, భిలాయి దాటగానే ఉన్న పల్లెలో మాలాంటివాళ్లం కొందరం ఇళ్లు కట్టుకున్నాం. ఆ ఊరి పంచాయతీ హాల్లో జనానికి ఉచితంగా ఇంటర్నెట్టు ఇస్తాం, కంప్యూటరు నేర్పుతాం అని ఒక గది తెరిచారు. రిబ్బను కత్తిరించడానికి గది పట్టనంతమంది వచ్చారు, నేర్పడానికి ఒక్కడు వచ్చాడు. కంప్యూటర్లు నాలుగిచ్చారు గాని, మూడింటికి ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. తీస్తే దుమ్ము పడుతుందట, వాడితే అరిగిపోతాయట. పెళ్లిలో వచ్చిన స్టీలు సామాను అటకెక్కించి దాచుకునే ఇళ్లలోంచే కదా మన అధికారులూ వచ్చేది.

నేను అందులో చేరింది ఏదో జ్ఞానం సంపాదిద్దామని కాదు. కోపంతో చేరాను. పెన్షన్ కావాలంటే ఏటా నేను బతికే ఉన్నానని ఆన్‌లైన్లో రుజువు చేసుకోవాలి. అందుకని వైశాలి నగర్‌లో ఒక దుకాణానికి వెళ్లేవాణ్ని. ఒకసారి, తెర మీద ఏం రాశాడో చదువుకుంటానని ముందుకు వంగాను. ఆ దుకాణంవాడు పదిమంది వినేలా, "బాబా, అంగూఠా ఛాప్ కో పఢ్‌నా క్యా, అంగూఠా లగావో" అన్నాడు. వేలిముద్రగాడికి చదువెందుకు, వేలు పెట్టు చాలని. ఇంక ఈ జన్మలో వాడి గడప తొక్కనని ఒట్టేసుకున్నాను. అందుకే ఆ గది నాకు ప్రాణం. అలాంటి గదిని చూసిపోవడానికి ఆ మంగళవారం జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నేర్చుకున్నవాళ్లు ఎవరంతట వాళ్లు ఆయనకో మెయిల్ పంపాలి, పంపలేకపోతే కంప్యూటర్లు మూటగట్టి ఇంకో ఊరికి తీసుకుపోతారు.

మాకు నేర్పిన మాస్టర్ భయ్యా దుర్గ్ వాడు, మా మనవల ఈడు. కంప్యూటరు గురించి తక్కువా, పాస్‌వర్డ్ గురించి ఎక్కువా చెప్పేవాడు. ఎవరికీ చెప్పొద్దు, కట్టుకున్నదానికి కూడా చెప్పొద్దు అని రోజూ అదే మంత్రం. మా బావ (చెల్లెలి మొగుడు, ప్లాంటులో ఫిట్టరు చేసి దిగాడు) ఒకనాడు నాతో గొణిగాడు. "ఏటి బావా ఈడి గోల? ఎవుడికీ సెప్పకుండా నాను పోతే, ఎనకాల ఎవుడు తీస్తాడు?"

సరే, పదకొండుంబావు. పనిచేసే కంప్యూటరు ఒకటే కాబట్టి వంతులవారీగా కూర్చోవాలి. మొదటి వంతు నాది. నా మెయిల్ తెరిచి, క్రేను ఆపరేటరుగా చేసి దిగినవాణ్నని, గదిలో ఇంకో ఫ్యాను కావాలని రాసి పంపాను. ఎలా పంపానని అడక్కండి, చొక్కా తడిసిపోయింది. వెనక్కి తిరిగేసరికి మా బావ నిలబడి ఉన్నాడు. అంతే, ముప్పై ఏళ్ల రోలింగ్ మిల్లు నా నెత్తికెక్కింది. మిల్లులో ధర్మం ఒకటే. రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టువాడు, రాకుండా సీటు దిగరాదు. వచ్చాక బ్రేకెలా ఉంది, ఎక్కడ జామవుతోంది, ఏ పని సగంలో ఉంది, అన్నీ చెప్పి చార్జి అప్పగించాలి. నడుస్తున్న మెషిన్ని ఆపి దిగిపోయేవాడు మనిషే కాదు. నేను లేచి నిలబడి, మౌసు ఎడంపక్క పట్టేస్తోందని, స్పేసు గట్టిగా కొట్టాలని, పాస్‌వర్డ్ నా క్రేను నంబరు, దాని పక్కన మా ఆవిడ పేరని హాలంతా వినిపించేలా చెప్పాను. మిల్లులో మెల్లగా మాట్లాడితే ఎవడికి వినిపిస్తుంది?

మాస్టర్ భయ్యా కళ్లు మూసుకున్నాడు. మా బావ బుద్ధిగా తలూపి, నా మెయిల్లోనే కూర్చుని తన ఉత్తరం పంపాడు. లేస్తూ, నేను చెప్పినవన్నీ తర్వాతి వంతు కూరగాయలమ్మే దీదీకి చెప్పి, తన పాస్‌వర్డ్ కూడా కలిపి అప్పగించాడు. దీదీ మా ఊరి ఛత్తీస్‌గఢీ మనిషి, ఏ మిల్లూ ఎరగదు. పెద్దవాళ్లు చెప్పారు కదా అని అక్కడే కూర్చుని పంపింది.

ఆఫీసరు, ఉత్తరాలు అందాయో లేదో చూస్తానని అదే కుర్చీలో కూర్చుని తన మెయిల్ తెరవబోయాడు. కంప్యూటరు ఆయన పాస్‌వర్డ్ అడిగింది. ఆయన మాస్టర్ వంక చూశాడు, సీలింగు వంక చూశాడు, ఆఖరికి ఆఫీసులో గుమాస్తాకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. గుమాస్తా అటునుంచి, "సర్, వహీ, మేడమ్ కా నామ్ ఔర్ ఏక్ దో తీన్" అన్నాడు. అదే సార్, మేడమ్ పేరు, పక్కన ఒకటి రెండు మూడు అని. మెయిల్ తెరుచుకుంది. మూడు ఉత్తరాలు అందాయి, మూడూ నా పేరు మీదే. ఒకే మనిషి మొదటిదాంట్లో క్రేను ఆపరేటరు, రెండోదాంట్లో మోకాళ్ల నొప్పుల ఫిట్టరు, మూడోదాంట్లో టమాటాలమ్మే నానమ్మ.

ఆఫీసరు మొహం ఎర్రబడింది. పాస్‌వర్డ్ ఒకరికొకరు చెప్పుకుంటారా, మీకు గదెందుకు, రేపే ఎత్తించేస్తానని లేచాడు. నా కళ్ల ముందు వైశాలి నగర్ దుకాణం గడప కనిపించింది. అప్పుడు మా బావ చేతులు కట్టుకుని, హిందీలోనే గాని విజయనగరం యాసలో, చాలా మర్యాదగా అన్నాడు. "సాబ్, ఆప్ కా బాబూ భీ తో అభీ చార్జ్ దియా."

మీ గుమాస్తా కూడా ఇప్పుడే చార్జి అప్పగించాడు కదా అని. హాల్లో ఎవరూ నవ్వలేదు, దీదీ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆఫీసరు నీళ్లు తాగాడు. కేంద్రం సంతృప్తికరంగా నడుస్తోందని రాసి, ప్లాస్టిక్ తొడుగుల పక్కన ఫోటో దిగి వెళ్లిపోయాడు.

గది ఉండిపోయింది. నా బతుకు నేనే రుజువు చేసుకుంటున్నాను. మా బావ కిందటేడు పోయాడు. మా చెల్లెలి పెన్షన్ కాగితాల కోసం ఆయన మెయిల్ తెరవాల్సి వచ్చినప్పుడు ఇంట్లో అందరూ మొహాలు చూసుకున్నారు. నేను ఆ గదికెళ్లి, కూర్చుని తెరిచాను. దీదీకి చెబుతుంటే విన్నానుగా. ఇప్పుడు పని కాగానే మాస్టర్ చెప్పినట్టే అన్నీ మూసి లేస్తాను. లేచేముందు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, రిలీవర్ వచ్చాడేమోనని. ముసలాడి అలవాటు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లు: నేను, ఫిట్టరు బావ, కూరగాయల దీదీ, మాస్టర్ భయ్యా, జిల్లా ఆఫీసరు, ఫోన్లో ఆయన గుమాస్తా. ఇంకా ప్లాస్టిక్ తొడుగుల్లో మూడు కంప్యూటర్లు. వాటి చార్జి ఇప్పటికీ ఎవరూ తీసుకోలేదు.