మావగారి ప్రార్థన, నా లాకు

నిన్న పొద్దున్న మా కోడలు పొయ్యి ఎగదోస్తూ ప్రార్థన మొదలెట్టి, పాలు పొంగేసరికి మధ్యలో ఆపి, గిన్నె దించి "ఆమెన్" అంది. "ఏం చెయ్యనండి అత్తయ్యగారూ, మీ అబ్బాయికి బడిలో పాఠం చెప్పే వేళైపోతోంది" అని నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. కోడలి మీద కాదు, మా మావగారి మీద. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. చల్లార్చుకోవాలని నాకూ లేదు.

నేను కాపరానికి వెళ్లింది రామచంద్రపురం అవతల కాలవ మీదున్న ఒక లాకుకి. అప్పట్లో పడవలే మాకు దారి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, పాదిరిగారు, అన్నీ అందరూ మా ఇంటి ముందునుంచే పోవాలి. ఎగువన నీళ్లు ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటాయి కదా, మధ్యలో రాతి తొట్టిలో పడవని ఆపి, నీళ్లు సమం చేసి, తలుపులు తియ్యాలి. తలుపుకో పొడుగాటి దూలం ఉండేది. నడుం ఆన్చి తోస్తేగానీ కదలదు. ఆ ఉద్యోగం మా ఆయనది. మేం తినే గంజీ, గట్టు మీది ఇల్లూ ఆ దూలం పెట్టిన భిక్షే.

మావగారికి మాత్రం తెల్లవారగానే కుటుంబ ప్రార్థన కావాలి. కీర్తన, వాక్యం, ఆ తరవాత మోకాళ్ల మీద పెద్ద ప్రార్థన. అది అయ్యేదాకా ఇంట్లో ఎవరూ లేవకూడదు. పడవలవాళ్లకీ అదే వేళ, ఎండెక్కకముందే సాగిపోవాలని. బయట "లాకు తియ్యండోయ్!" అని కేక వినపడితే చాలు, ఈయన ప్రార్థన సాగదీసేవాడు. మా వీధి కోసం అయ్యాక పక్కూరి కోసం, పక్కూరు అయ్యాక సీమలో దొరలు, చివరికి రాణీగారి క్షేమం కూడా! పడవవాళ్లు బూతులు లంకించుకుంటే వాళ్ల ఆత్మల కోసం ఇంకాసేపు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ముందు లాకు తీసి తరవాత మోకరిస్తే దేవుడు కాదంటాడా అని. "నేను పాలేరుగా పెరిగానే. తెల్లారగానే ఎవడో కేకేత్తే పరిగెత్తే బతుకు మా అయ్యతో పోయింది. ఈ పొద్దు దేవుడిది. ఎవడికీ ఇవ్వను" అన్నాడు. మాట గొప్పదే. పరిగెత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదన్న సంగతి మాత్రం ఆ గొప్పతనానికి పట్టలేదు.

చివరికి కాలవల మీద అజమాయిషీ చేసే ఓవర్సీరుగారే వచ్చి మా ఆయన్ని గట్టు మీద నిలబెట్టి, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే ఉద్యోగమూ పోతుంది, ఇల్లూ ఖాళీ చెయ్యాలి అని చెప్పి పోయాడు. అప్పటికి నాకు చంటిబిడ్డ. ఆ రాత్రి తండ్రితో మాట్లాడమని మా ఆయనకి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. తండ్రి ముందు నోరు పెగలని మనిషి!

మర్నాడే వచ్చింది ధాన్యం పడవ. కేక మీద కేక. మావగారు ప్రార్థనలో పక్కూరు దాటి దొరల దాకా వచ్చాడు. మా ఆయన గుమ్మం వంక చూస్తున్నాడు గానీ మోకాళ్ల మీదనించి లేవడు. నేను బిడ్డని ఆయన ఒళ్లో పడేసి, చెంగు బిగించి బయటికి నడిచాను. దూలానికి నడుం ఆన్చి తోశాను. పడవవాడు పళ్లికిలించి, "ఏంటమ్మా, మీ ఇంట్లో మగోళ్లు లేరా?" అన్నాడు.

"ఉన్నారు. మోకాళ్ల మీద ఉన్నారు. నువ్వు నోరు మూసుకుని గెడేసి పడవ సాగించు" అన్నాను.

తిరిగొచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. మావగారు నా మొహం చూడకుండా, "దేవుడి ముందునించి లేచిపోయినదానికి రేపట్నించి ఈ ప్రార్థనలో చోటు లేదు" అన్నాడు. "అలాగేనండి" అన్నాను. ఉద్యోగం నిలిచింది, ఇల్లు నిలిచింది. నేను తోసి తెచ్చిన అన్నం మీద మావగారు దేవుడికి వందనాలు చెప్పుకుని తిన్నాడే గానీ, ఒక్కనాడూ నా పేరు ఎత్తలేదు. నేనూ అడగలేదు. నాకూ పొగరు తక్కువేం కాదు.

అలా ఏళ్లు నడిచాయి. తెల్లారగానే లోపల ప్రార్థనలో వాళ్లు, గట్టు మీద దూలం దగ్గర నేను. అయితే నన్ను వెలేసిన రోజునించీ ముసలాయన గొంతు పెరిగింది. అవతలి గట్టుకి కూడా వినపడేలా చదివేవాడు. నన్ను సాధించడానికే అనుకుని, నేనూ కసికొద్దీ ఆ మాటలే పైకి అంటూ దూలం తోసేదాన్ని. ఆయన పోయాక మా ఆయన చెప్పాడు, "నీకూ వాక్యం వినపడాలనేనే, అలా అరిచేవాడు." నేను నమ్మలేదు. నమ్మితే నా కోపం ఏం కావాలి?

ఆయన పోయిన పొద్దున కూడా గట్టు మీదే ఉన్నాను. కీర్తన అయింది, వాక్యం మొదలైంది, మధ్యలో గొంతు ఆగిపోయింది. తొట్టిలో పడవ ఉంది, వదిలి వెళ్లడానికి లేదు. ఆయన ఆపిన చోటునించి మిగతా మాటలు నేనే చెప్పుకుంటూ తలుపు తీశాను. కాలం గాయాల్ని మాన్పుతుందంటారు, మా ఇద్దరి మధ్యా అదేమీ మాన్పలేదు. ఒక గోడకి చెరోపక్కా నిలబెట్టి, ఏళ్ల తరబడి ఒకే ప్రార్థన చేయించి, ఆయన్ని తీసుకుపోయింది.