సీటు కింద తుపాకీ

ఆ రోజుల్లో నా ధైర్యమంతా రూములోనే ఉండేది, డ్యూటీకి వెంట వచ్చేది కాదు. తొంభైల్లో ఒమన్‌లోని బర్కాలో ఒక ఖర్జూరపు తోటలో పికప్ డ్రైవర్‌ని. నక్కలు కోళ్లను ఎత్తుకుపోతున్నాయని, నేను సెలవు నుంచి రాగానే తుపాకీ ట్రైనింగ్ పెట్టించి, పర్మిట్ సంగతి కనుక్కుంటానని అర్బాబ్ (మా యజమాని) అన్నప్పటి నుంచి నా కాళ్లు నేల మీద ఆనలేదు. మా వంట భాయ్‌ది కడప. "ముందు బల్లిని చూసి అరిసేది మానుకో అబ్బీ, తుపాకీ తర్వాత పట్టుకుందువు" అనేవాడు. (బల్లి సంగతి నిజమే.)

సెలవు టికెట్ చేతికొచ్చింది. నేను వచ్చాక పుట్టిన కూతుర్ని ఫోటోలో తప్ప చూడలేదు. ఆ వారమే అర్బాబ్ తండ్రిని సోహార్‌లో ఒక పెళ్లికి దింపి, నేనూ భాయ్ వెనక్కి వస్తున్నాం. పోలీసు చెక్‌పోస్టు ముందు బండ్ల వరసలో బ్రేకు వేశాను. సీటు కింద నుంచి గుడ్డ మూట ఒకటి జారి, తుపాకీ గొట్టం బయటికి కనిపించింది.

"ఏంది భాయ్ గిది?"

"ముసలాయనది. పెండ్లిలో ఆటకని తెచ్చుకొని మరిచినాడు. పర్మిట్ ఆయన జేబులో ఉంటాది."

"వెనక బస్తాల కింద పెడదామా?"

"దాచినావంటే దొంగవే అయితావ్. కదలొద్దబ్బీ."

జైలు, వీసా రద్దు, ఫోటోలోని పిల్ల, అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. మా వంతు రాగానే, పోలీసు నోరు తెరవకముందే నేను దిగి రెండు చేతులూ ఎత్తేశాను. నా హిందీలో తుపాకీ, టికెట్, కూతురు ఒకే వాక్యంలో కలిసిపోయాయి. అతను మూట విప్పి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"బోల్టే లేదు. ఇది పేలదు. పెళ్లిళ్లలో ఎగరేసి పట్టుకోవడానికి" అని, పోస్టులోని ఫోన్‌లో అర్బాబ్‌ను పిలిపించి, మాకు కావా (అరబ్బుల కాఫీ) పోశాడు. చేతులు దించితే గాని కప్పు పట్టుకోలేనని భాయ్ గుర్తు చేయాల్సి వచ్చింది. అర్బాబ్ వచ్చి పోలీసుకు సంజాయిషీ చెప్పి, నా భుజం తట్టాడు. "సెలవు నుంచి రా, ట్రైనింగ్ మొదలుపెడదాం."

"వద్దు అర్బాబ్. నక్కలకు కూడా పిల్లలుంటయి" అన్నాను. భాయ్ బర్కా దాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికి వెళ్తే కూతురు నా మొహం చూసి ఏడ్చి తల్లి వెనక దాక్కుంది. కొన్నాళ్లకు తనే నా ముందుకు వచ్చి రెండు చేతులూ పైకెత్తింది. నాకు చెక్‌పోస్టు గుర్తొచ్చి అలాగే చూస్తుండిపోయాను. "ఎత్తుకొమ్మంటుంది, గట్ల నిలవడ్డరేంది?" అంది నా భార్య. ఇప్పుడు ఆ పిల్లకే పిల్లలున్నారు. రోడ్డు మీద చేతులెత్తిన ఆ డ్రైవర్‌ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఎవరి కోసం ఎత్తాడో తెలుసు గనక ఎక్కువసేపు నవ్వలేను.