బాపు కట్టిన స్థూపం

ఎప్పుడూ నోరు విప్పని నేను ఈరోజు విప్పాను. కన్నకొడుకు మాటతోనే మా బాపుకు రావాల్సిన మేస్త్రీ వీసా పోయింది.

దుబాయి పోవడానికి పొద్దున కోరుట్లలో ఏజెంటు దగ్గరికి వెళ్లాం. పనితనం తెలిసే ఫోటోలు తెమ్మన్నాడని బాపు తాను కట్టిన నాలుగు ఇళ్ల ఫోటోలు టేబుల్ మీద పెట్టాడు.

"గిసొంటి గోడలు అందరు కడ్తరు మేస్త్రీ. ఇంకెవ్వలికి రాని పని ఏం చేసినవ్?" అన్నాడు ఏజెంటు.

బాపు ఫోటోలు సర్దుకోబోతుంటే నేను ఆగలేకపోయాను. "మా ఊర్ల నక్సలైటు అన్నల స్థూపం బాపునే కట్టిండు సార్. గంత ఎత్తుల యాడ వంకర లేదు" అన్నాను.

ఏజెంటు గబుక్కున తలుపు వైపు చూశాడు.

"మెల్లగ మాట్లాడు పిలగా! మేస్త్రీ అని రాస్తె ఏం కట్టినవని అడుగుతరు. కూలీ అని రాస్త, ఎవ్వలు ఏమడుగరు. పోతవా మేస్త్రీ?"

బాపు సరేనన్నాడు. ఇరవై ఏళ్లు తాపీ పట్టిన మనిషి ఇప్పుడు అక్కడ ఇటుకలు మోయాలి.

బస్సులో నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "దాన్ని కూలగొట్టనీకి పోలీసోళ్లకు రెండు దినాలు పట్టింది. యాదికున్నదారా?"

దోస్తులు, మీ నలుగురికే ఇది పంపుతున్నా, చదివి తీసెయ్యండి. కానీ ఇంతకన్నా పెద్ద రుజువు ఏ మేస్త్రీ దగ్గరుందో మాత్రం చెప్పండి.