ప్రసాదరావు గారు, ఆ షేల్ ముక్క

నిన్న పొద్దున్న ఫోన్ రాగానే "ఏ ప్రసాదరావు గారు?" అని అడిగాను. నాకు తెలిసింది ఒక్కరే. అయినా అడిగాను.

రాజమండ్రి రాక్ ల్యాబ్‌లో నా మొదటి బాస్.

ఇక లేరు.

ల్యాబ్ సంగతి తెలియని స్నేహితుల కోసం చెబుతాను. ఇక్కడ కొన్నిచోట్ల ఆయిల్ ఉన్న ఇసుకరాయి ఎంత బిగుతంటే, బావి తవ్వినా చుక్క కదలదు. విపరీతమైన ఒత్తిడితో నీళ్ళు పంపి రాయిని పగలగొట్టాలి. ఆ పగులు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కకట్టడం ఆయన పని. రాళ్ళు టెస్ట్ చేసి ఇవ్వడం నా పని.

"రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు. మనకి పంపులెందుకమ్మా, ఎండలో పెడితే పోలా!" అనేవారు.

తొంభైల్లో, అలాంటి ఎండల్లోనే ఒక శనివారం. ఇసుకరాయి మీదుండే పైపొర నుంచి తీసిన షేల్ ముక్కకి చెమ్మ ఆరకుండా చుట్టిన మైనం విప్పి, కొలతలు తీసుకుని, ధవళేశ్వరం బస్సు పోతుందని బల్ల మీదే వదిలేసి పరిగెత్తాను.

షేల్ అంటే చెమ్మ ఉన్న బంకరాయి. ఎండితే ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది.

సోమవారం చూస్తే ఎండిపోయి ఉంది. ఆ లోతు నుంచి వచ్చింది ఆ ఒక్క ముక్కే. ఎవరికీ చెప్పకుండా మెషీన్‌లో పెట్టాను.

"ఏంటమ్మా, ఇంత గట్టిగా వచ్చింది?"

"అలాగే వచ్చింది సార్."

నమ్మారు. ఆ అంకెతోనే లెక్కకట్టి, బావిలోకి నీళ్ళు పంపించారు.

పైపొర ఆపుతుందనుకున్న పగులు దాన్ని చీల్చుకుని, ఆ పైనున్న నీటిపొరలోకి పోయింది. బావిలోంచి ఆయిల్ బదులు నీళ్ళొచ్చాయి.

మీటింగ్‌లో ఆయన లేచి, "లెక్క నాదేనండి" అన్నారు. రెండో వరసలో నేను. నోరు తెరవలేదు.

ఆయనకి మరో బావి ఇవ్వలేదు.

చెప్పేద్దామనే ఒకసారి కాకినాడలో వాళ్ళింటికి వెళ్ళాను. "ఏమ్మా, ఇంకా సందేహాలేనా? ముందు కాఫీ తాగు" అన్నారు. తాగి వచ్చేశాను.

నిన్న ఆ ఇంటికే వెళ్తే ఆయన భార్య, ఆంటీ, నా చెయ్యి పట్టుకుని, "ఆ బావి కాగితాలు మొన్నటిదాకా తీసి చూసుకునేవారమ్మా. ఎక్కడ తప్పానో దొరకట్లేదు అనేవారు" అన్నారు.

చుట్టూ జనం ఉన్నారని చెప్పలేదు. అది సాకే.

ఈ ఉదయం మళ్ళీ వెళ్ళి ఆంటీకి అంతా చెప్పాను.

"నాకెందుకమ్మా ఇప్పుడు? ఆయనకి చెప్పాల్సింది."

ఆ ముక్క ఎండినందువల్లే అలా జరిగిందా? రూఢిగా చెప్పలేను. ఇంకేదైనా ఉందేమో. కానీ ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. ఆయన్ని వేరేచోట వెతకనిచ్చాను.

తప్పు మీ లెక్కలో లేదేమో సార్.

ఇక వెతక్కండి. ప్రశాంతంగా ఉండండి.